సేఫ్టీ ఎన్ని గజాలు వెనక్కి తగ్గాడు?

1998 నవంబర్ 26, అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండగ రోజు. డాలస్ కౌబాయ్స్ సొంత మైదానంలో మిన్నెసోటా వైకింగ్స్ తరఫున ఆడిన రాండీ మాస్ ఆ రోజు పట్టినవి మూడే బంతులు. మూడూ టచ్‌డౌన్‌లే. 51 గజాలు, 56 గజాలు, మళ్లీ 56 గజాలు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, ఇరవై పేర్లు పిలిచాక గానీ మాస్ పేరు రాలేదు. ప్రవర్తన మీద ఉన్న మచ్చలు చూసి వదిలేసుకున్న జట్లలో కౌబాయ్స్ కూడా ఉంది. ఆ కసి అంతా ఆ మూడు బంతుల్లో తీర్చుకున్నాడని చెప్పుకుంటారు. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించే సంగతి ఐదు నెలల తర్వాత జరిగింది. మిన్నెసోటాతో ఏటా రెండుసార్లు తలపడక తప్పని గ్రీన్ బే ప్యాకర్స్, 1999 డ్రాఫ్ట్‌లో మొదటి మూడు రౌండ్లలోనూ వరసగా డిఫెన్సివ్ బ్యాక్‌లనే ఎంచుకుంది. అంటే వెనక కాపలా కాసి, గాల్లో వచ్చే బంతిని అడ్డుకునేవాళ్లను. పొరుగు జట్టులో ఎవరిని చేర్చుకోవాలో ఒక కుర్రాడు నిర్ణయించాడన్నమాట.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డీప్ థ్రెట్ అని పేరు పడ్డ వైడ్ రిసీవర్ గొప్పతనాన్ని దేనితో కొలవాలి? ఈ ప్రశ్న మీద అరవై ఏళ్లుగా వాదన నడుస్తోంది. స్టాప్‌వాచీని నమ్మేవాళ్లు ఒక పక్క, మెళకువలను నమ్మేవాళ్లు ఇంకో పక్క, ఈ పాతికేళ్లలో అంకెల లెక్కలతో వచ్చినవాళ్లు మూడో పక్క. ముగ్గురి దగ్గరా కొంత నిజం ఉంది. కానీ ముగ్గురూ బంతి పట్టినవాడి వైపే ఎక్కువగా చూస్తారని నా ఫిర్యాదు. చూడాల్సింది అతన్ని చూసి వెనక్కి జరిగినవాడి వైపు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. మైదానం పొడవు 100 గజాలు, రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్‌లు, వెడల్పు 53 గజాల చిల్లర. బంతితో ఎదుటి ఎండ్ జోన్‌లోకి చేరితే టచ్‌డౌన్. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్ పరుగెత్తి పట్టుకుంటాడు. రిసీవర్ ఎదురుగా కార్నర్‌బ్యాక్ నిలబడతాడు. అందరికన్నా వెనక, ఆఖరి కాపలాగా సేఫ్టీలు ఉంటారు. మామూలు రిసీవర్లు పది పన్నెండు గజాల దగ్గర బంతి పట్టి జట్టును అంచెలంచెలుగా ముందుకు నడిపిస్తారు. ఆ సేఫ్టీలను కూడా దాటిపోయి, ఒక్క విసురుతో సగం మైదానం గెలుచుకొచ్చేవాడు డీప్ థ్రెట్. ఎక్కువగా పరుగెత్తే దారులు రెండు: పక్కగీత వెంట నిటారుగా పోయే గో రూట్, కొంతదూరం పోయి గోల్‌పోస్టుల వైపు ఏటవాలుగా తిరిగే పోస్ట్ రూట్. దారులు రెండే అయినా వాటిలో ఆరితేరినవాళ్లు తరానికి ముగ్గురో నలుగురో.

ముందు స్టాప్‌వాచీ వాదం చూద్దాం. దానికి మూలపురుషుడు బాబ్ హేస్. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం, రిలేలో ఇంకో స్వర్ణం. రిలే ఆఖరి అంచెలో వెనకబడి ఉన్న జట్టును ఆయన గెలిపించిన తీరును పరుగుపందేల అభిమానులు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మరుసటి ఏడాది కౌబాయ్స్‌లో చేరి, మొదటి సీజన్‌లోనే 46 క్యాచ్‌లతో 1,003 గజాలు, 12 టచ్‌డౌన్‌లు సాధించాడు. క్యాచ్‌కు దాదాపు 22 గజాల సగటు. ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తే మనిషిని ఒంటరి కార్నర్‌బ్యాక్ ఎలా వెంబడిస్తాడు? అందుకని జట్లు మనిషికి మనిషిని కాపలా పెట్టడం తగ్గించి, మైదానాన్ని మండలాలుగా పంచుకుని కాసే జోన్ పద్ధతి వైపు మొగ్గాయి. జోన్ డిఫెన్స్ హేస్ కోసమే పుట్టిందనడం అతిశయోక్తి, అది అంతకు ముందే ఉంది. కానీ అది అందరికీ అవసరమైంది ఆయన వల్లే అంటే ఎవరూ కాదనరు. 2002లో చనిపోయిన హేస్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం 2009లో దక్కింది. అన్నేళ్లు ఎందుకు పట్టిందో ఎంపిక చేసేవాళ్లే చెప్పాలి.

హేస్‌ను చూసి ఒలింపిక్స్ నుంచి ఇంకొందరిని తెచ్చుకున్న జట్లకు గుణపాఠాలే మిగిలాయి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగును 9.95 సెకన్లలో గెలిచిన జిమ్ హైన్స్, మయామి డాల్ఫిన్స్‌లో చేరి తన మొత్తం ఫుట్‌బాల్ జీవితంలో పట్టినవి రెండే బంతులు. 110 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు దాటిన మొదటి మనిషి రెనాల్డో నెహమయా 1982లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కు వచ్చి మూడు సీజన్‌లలో 43 క్యాచ్‌లతో సరిపెట్టుకున్నాడు. హేస్‌కూ వీళ్లకూ తేడా కాళ్లలో లేదు. హేస్ ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ఆడుతూనే పరుగుపందేలకు వెళ్లినవాడు. నెహమయా కాలేజీ ఫుట్‌బాల్ ఆడనే లేదు.

అయినా స్టాప్‌వాచీ మీద మోజు తగ్గలేదు. కొత్త కుర్రాళ్లను పరీక్షించే కంబైన్‌లో ఏటా అందరి కళ్లూ 40 గజాల పరుగు మీదే. ఆ దూరాన్నే ఎంచుకోవడానికి కారణం పాల్ బ్రౌన్ అనే పాతకాలపు కోచ్ అంటారు. పంట్‌గా, అంటే ఎదుటి జట్టు వైపు దూరంగా, తన్నిన బంతి అంత దూరం పోతుంది గనక, దాని వెంట ఎవడు ముందు చేరతాడో చూసేవాడట. ఈ కొలతను అందరికన్నా గట్టిగా నమ్మినవాడు రెయిడర్స్ యజమాని ఆల్ డేవిస్. ఆ నమ్మకం ఆయనకు అన్నం పెట్టింది కూడా. 1972లో నాలుగో రౌండ్‌లో తీసుకున్న స్ప్రింటర్ క్లిఫ్ బ్రాంచ్ మూడు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజయాల్లో పాలుపంచుకున్నాడు, 1983లో వాషింగ్టన్ మీద 99 గజాల టచ్‌డౌన్ చేశాడు. అంతకన్నా పొడుగు క్యాచ్ ఈ ఆటలో సాధ్యం కాదు. అదే నమ్మకం 2009లో డేవిస్‌ను ముంచింది. ఏడో ఎంపికగా డేరియస్ హేవార్డ్-బేను తీసుకున్నాడు, కారణం 40 గజాల పరుగులో అతను చూపిన వేగం. మొదటి ఏడాది 9 క్యాచ్‌లు, 124 గజాలు. ఇంకా వింత జాన్ రాస్ కథ. 2017లో 4.22 సెకన్లతో కంబైన్ రికార్డు బద్దలుకొట్టి తొమ్మిదో ఎంపికగా సిన్సినాటి బెంగాల్స్‌కు వెళ్లాడు. మొదటి సీజన్‌లో ఒక్క బంతీ పట్టలేదు. రెండో సీజన్‌లో 21 క్యాచ్‌లు, 210 గజాలు. మైదానంలో అందరికన్నా వేగంగా పరుగెత్తేవాడికి క్యాచ్‌కు పది గజాల సగటు!

దీనర్థం వేగం అక్కర్లేదని కాదు. గంటకు ఇరవై మైళ్ల వేగంతో పరుగెత్తే మనిషి సెకనుకు దాదాపు పది గజాలు దాటుతాడు. అంటే సెకనులో పదో వంతు తేడా వస్తే ఒక గజం. గాల్లో బంతి దిగే చోట ఒక గజం ఎడం చాలు, కార్నర్‌బ్యాక్ చెయ్యి బంతికి అందదు. కాబట్టి 4.3కీ 4.5కీ మధ్య తేడా నిజమైనదే. కానీ కంబైన్‌లో పరుగు హెల్మెట్ లేకుండా, భుజాల కవచం లేకుండా, అడ్డు లేకుండా, బంతి కోసం వెనక్కి చూడకుండా సాగుతుంది. ఆట రోజున వీటిలో ఒక్క సౌకర్యమూ ఉండదు. ఆల్‌టైమ్ గొప్పవాడిగా అందరూ ఒప్పుకునే జెర్రీ రైస్ 40 గజాల సమయం 4.7 ప్రాంతంలో అని చెబుతారు. 1985 డ్రాఫ్ట్‌లో ఆయనకన్నా ముందు పదిహేను మందిని తీసుకున్నారు. ఆయన బంతి పట్టి పరుగెత్తుతుంటే వెనక నుంచి అందుకున్నవాళ్లు మాత్రం అరుదు. 60 గజాలు, ఆపైన చేసిన టచ్‌డౌన్‌లు ఆయనవి 23. ఆ లెక్కను దాటినవాడు డిషాన్ జాక్సన్ ఒక్కడే, 26తో.

రైస్‌ను చూస్తే మెళకువల పక్షం వాదన అర్థమవుతుంది. రిసీవర్‌కు వేగం ఎంత ఉందన్నది కాదు, ఆ వేగం గురించి ఎదుటివాడికి ఎంత తప్పుడు కబురు ఇవ్వగలడన్నది వాళ్ల ప్రశ్న. గొప్ప డీప్ థ్రెట్ మొదటి పదిహేను గజాలూ పూర్తి వేగంతో పరుగెత్తడు, అలా పరుగెత్తుతున్నట్టు కనిపిస్తాడు. చేతులు జోరుగా ఊపుతాడు, తల వంచుకుని దూసుకొస్తున్నట్టు ఉంటాడు. కార్నర్‌బ్యాక్ ఆ వేగానికి తన అడుగులు సర్దుకున్నాక, అప్పుడు తీస్తాడు దాచుకున్న గేరు. లేదా ఉన్నట్టుండి మందగిస్తాడు, బంతి ఇక్కడే వస్తుందన్నట్టు క్వార్టర్‌బ్యాక్ వైపు తల తిప్పుతాడు. కార్నర్‌బ్యాక్ బరువు ముందుకాలి మీదికి వచ్చిన క్షణంలో పక్క నుంచి మాయం. దీన్ని డబుల్ మూవ్ అంటారు. దీనికి పెట్టుబడి అంతకు ముందు రెండు గంటల ఆట. మూడుసార్లు పన్నెండు గజాల దగ్గర నిజంగానే ఆగి బంతి పడితే గానీ, నాలుగోసారి ఆగినట్టు నటించడం పండదు.

ఇందులో నటన పాలు ఎక్కువ. 1967 డిసెంబర్ 31న గ్రీన్ బేలో ఎముకలు కొరికే చలిలో ఆడిన ఆటను ఐస్ బౌల్ అంటారు. ఆ రోజు బాబ్ హేస్ తనకు పాస్ రాని ప్రయత్నాల్లో చలికి చేతులు ప్యాంటు నడుములో దోపుకునేవాడని, అది ప్యాకర్స్ కాపలాదార్లు పసిగట్టేశారని చెబుతారు. అంత వేగం ఉన్న మనిషి తన చేతులు ఎక్కడున్నాయన్న ఒక్క కబురుతో మామూలువాడైపోయాడు. మంచి రిసీవర్ బంతి తనకు రాదని తెలిసిన ప్రయత్నంలోనూ, ఆఖరి క్వార్టర్‌లో ఊపిరి అందనప్పుడూ, వస్తుందన్నట్టే బయలుదేరాలి. కోచ్‌లు వీడియోలో మొదట వెతికేది ఇదే.

ఇక మొదటి ఐదు గజాల గొడవ. 1978కి ముందు కాపలాదార్లు రిసీవర్‌ను దారి పొడుగునా తోసేవారు, బాదేవారు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కార్నర్‌బ్యాక్ మెల్ బ్లౌంట్ ఆ పనిలో ఎంత నిపుణుడంటే, ఆ ఏడాది తెచ్చిన నిబంధనకు ఆయన పేరే స్థిరపడింది. అప్పటి నుంచి ఐదు గజాలు దాటాక రిసీవర్ మీద చెయ్యి వేయకూడదు. లోతు పాస్‌ల కాలం నిజంగా అప్పుడే మొదలైంది. ఇవాళ్టి సన్నటి, పొట్టి వేగగాళ్లు అరవైల్లో పుట్టి ఉంటే సగం మంది నిలదొక్కుకునేవారు కాదని నా అనుమానం. ఆ రోజుల్లోనే క్యాచ్‌కు ఇరవై గజాల సగటు నిలబెట్టిన హేస్, పాల్ వార్‌ఫీల్డ్, న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు హోమర్ జోన్స్‌లకు అందుకే ఇంకో రెండు మార్కులు వేయాలి. ఇప్పటికీ ఆ మొదటి ఐదు గజాల్లో తొడతొక్కిడి ఉంటుంది. అక్కడ అర సెకను పోగొట్టుకున్నవాడికి తర్వాత ఎంత వేగం ఉన్నా దండగే, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్ దగ్గర ఆ అర సెకను ఉండదు.

కార్నర్‌బ్యాక్‌ను దాటాక చాలామంది కుర్రాళ్లు చేసే తప్పు, దాటేశాం కదా అని తమ దారిన తాము పోవడం. తెలిసినవాడు దాటిన వెంటనే అతని ముందుకు జరిగి, అతని దారికి అడ్డంగా తన వీపు పెడతాడు. దీన్ని స్ట్యాకింగ్ అంటారు. ఇప్పుడు వెనకున్నవాడు బంతిని అందుకోవాలంటే రిసీవర్ వీపు మీదెక్కాలి, అది ఫౌల్. అలాగే పక్కగీతకూ తనకూ మధ్య నాలుగైదు గజాల జాగా మిగుల్చుకుంటాడు. విసిరిన బంతి కాస్త అటు పడినా జరగడానికి చోటుండాలి. గీతకు ఆనుకుని పరుగెత్తేవాడికి ఆ గీతే పన్నెండో కాపలాదారు.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ నేర్పితే వచ్చేవి. బంతి గాల్లోకి లేచాక మొదలయ్యేదాన్ని నేర్పవచ్చునా అన్నదే అసలు ప్రశ్న. నా మటుకు నాకు గొప్ప డీప్ థ్రెట్‌నూ వట్టి వేగగాడినీ విడదీసేది ఆ మూడు సెకన్లే.

1983 ప్రపంచకప్ ఫైనల్లో వివియన్ రిచర్డ్స్ కొట్టిన బంతి కోసం కపిల్‌దేవ్ మిడ్‌వికెట్ నుంచి వెనక్కి పరుగెత్తి, భుజం మీదుగా దిగిన బంతిని అందుకున్న క్యాచ్ మనలో చాలామందికి కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది. అదే క్యాచ్‌ను పక్కన ఒక మనిషి మోచేత్తో పొడుస్తుండగా, కపిల్ పరుగెత్తినదానికన్నా చాలా వేగంగా పోతూ, వారానికి నాలుగైదు సార్లు ప్రయత్నించాలి. డీప్ థ్రెట్ ఉద్యోగం అది. ఎత్తుగా లేచిన బంతి దిగే చోటికి మనిషి ఎలా చేరతాడన్నది శాస్త్రజ్ఞులు బేస్‌బాల్ ఆటగాళ్ల మీద చాలాకాలం పరిశీలించారు. 1968లో సెవిల్ చాప్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక వివరణ ఇచ్చాడు: ఆటగాడు లెక్కలేమీ కట్టడు, తన కంటికి బంతి ఒకే తీరున పైకి లేస్తున్నట్టు కనిపించేలా పరుగు వేగాన్ని సర్దుకుంటూ పోతాడు, అలా పోతే బంతి దిగే చోట తానే ఉంటాడు. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని సవరించారు, ఖండించారు, కానీ మూలసూత్రం నిలిచింది. చిక్కేమిటంటే ఇది బంతి వైపు తిరిగి ఉన్నవాడికి. ఫుట్‌బాల్ రిసీవర్‌కు బంతి వీపు వెనక నుంచి వస్తుంది. చూడాలంటే మెడ తిప్పాలి, మెడ తిప్పితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే కాళ్లు మందగిస్తాయి. అందుకే ఆరితేరినవాళ్లు బంతి చేతి నుంచి విడిపడగానే ఒక్కసారి చూసి, దాని ఎత్తునూ వాలునూ మనసులో పెట్టుకుని, కళ్లు తిప్పేసుకుని పరుగెత్తుతారు. మళ్లీ తల ఎత్తేది అది దిగబోయే ముందే. ఆ మధ్యలో గడిచే సెకనున్నర సేపు వాళ్లు చూడని బంతి వెంట పరుగెత్తుతున్నారు.

డిషాన్ జాక్సన్ ఈ విద్యకు పుట్టినవాడు. ఎత్తు ఐదడుగుల పది, బరువు ఎనభై కిలోలకు లోపే. క్యాచ్‌కు సగటు గజాలలో నాలుగు వేర్వేరు సీజన్‌లలో లీగ్ మొత్తానికీ మొదటి స్థానంలో నిలిచాడు. 2019 సెప్టెంబర్‌లో, 32 ఏళ్ల వయసులో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు తిరిగొచ్చి మొదటి ఆటలోనే వాషింగ్టన్ మీద 50 గజాలు దాటిన టచ్‌డౌన్‌లు రెండు చేశాడు. 34 ఏళ్లకు లాస్ ఏంజెలెస్ రామ్స్ తరఫున 75 గజాల టచ్‌డౌన్. అప్పటికి అతనికన్నా వేగంగా పరుగెత్తే కుర్రాళ్లు ప్రతి జట్టులోనూ ఉన్నారు. బంతి దిగే చోటు అంత ముందుగా తెలిసినవాళ్లు లేరు. సియాటిల్ సీహాక్స్‌లో టైలర్ లాకెట్‌దీ ఇదే బాపతు. క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ చందమామకు తగిలేంత ఎత్తుగా బంతులు విసిరేవాడు, లాకెట్ వాటి కింద తాపీగా వాలేవాడు. 2018లో లాకెట్‌కు వేసిన పాస్‌ల మీద విల్సన్ రేటింగ్ 158.3. ఆ కొలమానంలో అంతకు మించి లేదు.

రాండీ మాస్ దీనికి ఇంకో పొర చేర్చాడు. బంతి వస్తోందని అందరికన్నా ముందు తెలిసేది రిసీవర్‌కే. అతనితో పరుగెత్తే కార్నర్‌బ్యాక్ బంతికి వీపు పెట్టి ఉంటాడు గనక, రిసీవర్ కళ్లనూ చేతులనూ చూసే తెలుసుకోవాలి. కళ్లు పెద్దవైతే, చేతులు లేస్తే, వెంటనే తన చెయ్యి అడ్డం పెడతాడు. మాస్ ఆ కబురు ఇచ్చేవాడు కాదు. బంతి దాదాపు మీద పడేదాకా చేతులు పరుగులో ఊగుతూనే ఉండేవి, ముఖంలో ఏ కదలికా ఉండేది కాదు. ఆఖరి క్షణంలో రెండు చేతులూ లేచేవి, అప్పటికి కాపలావాడికి సమయం మించిపోయేది. దీన్ని లేట్ హ్యాండ్స్ అంటారు. ఇవాళ పాఠశాల కోచ్‌లు కూడా పిల్లలకు నేర్పుతారు గానీ, గంటకు ఇరవై మైళ్ల వేగంతో పోతూ చేతులు కిందే ఉంచడం భయం లేనివాడికే చేతనవుతుంది. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, హేస్ తరహా వేగం, జాక్సన్ తరహా చూపు, వీటన్నిటి మీదా ఈ నిర్లిప్తత. 1998లో తొలి సీజన్‌లోనే 17 టచ్‌డౌన్‌లు, 2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ తరఫున ఒకే సీజన్‌లో 23. రెండూ ఈనాటికీ రికార్డులే. ఈ విద్యలో ఆయన్ని మించినవాడు లేడని నా అభిప్రాయం. ఆటను ఎక్కువ మార్చినవాడు మాత్రం హేస్.

చూపు తప్పితే ఏమవుతుందో కాపలా వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. 2013 జనవరిలో డెన్వర్‌లో ప్లేఆఫ్ ఆట, ఇంకో అర నిమిషంలో డెన్వర్ బ్రాంకోస్ గెలుస్తుంది. బాల్టిమోర్ రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో బంతిని ఎత్తుగా లేపాడు. సేఫ్టీ రహీమ్ మోర్ దాని లోతును తప్పుగా అంచనా వేసి ముందుగా ఎగిరాడు, బంతి అతని మీదుగా జకోబీ జోన్స్ చేతుల్లో పడింది. 70 గజాల టచ్‌డౌన్, స్కోరు సమం. బాల్టిమోర్ అదనపు సమయంలో గెలిచి, ఆ ఊపులో సూపర్ బౌల్ కూడా గెలుచుకుంది. మోర్ వేగంలో లోపం లేదు, ఎత్తులో లోపం లేదు.

శరీరాకృతి మీద ఎక్కువ మాట్లాడాల్సింది లేదు. మాస్, కాల్విన్ జాన్సన్ లాంటి ఆజానుబాహులూ గెలిచారు, జాక్సన్, టైరీక్ హిల్ లాంటి పొట్టివాళ్లూ గెలిచారు. పొడుగువాడికి క్వార్టర్‌బ్యాక్ తప్పులు దిద్దే వెసులుబాటు ఉంటుంది, పొట్టివాడికి మొదటి అడుగు చురుకు. గాల్లో ఒంటిని తిప్పుకునే ఒడుపు మాత్రం ఇద్దరికీ కావాలి. చిన్నప్పుడు నాట్యం నేర్చుకున్న లిన్ స్వాన్ 1976 జనవరి సూపర్ బౌల్‌లో నాలుగే బంతులతో 161 గజాలు సాధించి, ఆ ఆటలో ఉత్తమ ఆటగాడనిపించుకున్న మొదటి వైడ్ రిసీవర్ అయ్యాడు. రెండు వారాల ముందు తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నవాడు. ధైర్యం గురించి పత్రికలు రాసే పొగడ్తలు నాకు పెద్దగా నచ్చవు గానీ, 1978 ఆగస్టులో ఓక్లాండ్‌లో ఒక సన్నాహక ఆటలో బంతి కోసం ఒళ్లు చాపిన డారిల్ స్టింగ్లీ, జాక్ టేటమ్ కొట్టిన దెబ్బకు మెడ విరిగి, మిగిలిన జీవితమంతా చక్రాల కుర్చీలో గడిపాడన్నది మరిచిపోయి ఈ విషయం రాయకూడదు. పైకి చూస్తూ పరుగెత్తేవాడికి ఎదురుగా ఎవరొస్తున్నారో కనిపించదు.

ఇంతవరకూ రిసీవర్ ఒక్కడి సంగతే చెప్పాను. నిజానికి ఇది ఒంటి చేతి విద్య కాదు. యాభై గజాల పాస్‌కు రిసీవర్ అంత దూరం పోవాలంటే క్వార్టర్‌బ్యాక్‌కు మూడు సెకన్లకు పైగా దొరకాలి, అంతసేపు ముందువరస భారీకాయులు ఎదుటివాళ్లను ఆపాలి. 2020 ఫిబ్రవరిలో మయామిలో జరిగిన సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్ 20-10తో వెనకబడి, ఏడు నిమిషాల ఆట మిగిలి, మూడో ప్రయత్నంలో పదిహేను గజాలు కావాల్సి వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ అడిగింది టైరీక్ హిల్ గురించి కాదు, లోతు పాస్ వేసేంత సమయం మనవాళ్లు ఇవ్వగలరా అని. ఇచ్చారు. మహోమ్స్ చాలా వెనక్కి జరిగి విసిరాడు, లోపలి వైపు పోతున్నట్టు పోయి బయటికి తిరిగిన హిల్ ఒంటరిగా నిలబడి 44 గజాల క్యాచ్ పట్టాడు. చీఫ్స్ 31-20తో గెలిచింది. దీనికి తలకిందుల ఉదాహరణ 2008 ఫిబ్రవరి సూపర్ బౌల్. ఓటమెరుగని పేట్రియట్స్ మీద న్యూయార్క్ జెయింట్స్, మాస్‌ను ఆపడానికి మాస్ దగ్గరికి వెళ్లలేదు. టామ్ బ్రేడీని ఐదుసార్లు పడగొట్టింది. మాస్‌కు దక్కినవి 62 గజాలు, పేట్రియట్స్ 17-14తో ఓడింది. డీప్ థ్రెట్‌ను పట్టుకోవడానికి అతనికన్నా వేగం ఉన్నవాడు అక్కర్లేదని కోచ్‌లకు అంతకన్నా బాగా చెప్పినవాళ్లు లేరు.

ఇక అంకెల పక్షం. క్యాచ్‌కు సగటు గజాలు అన్న పాత కొలత మోసకారి. ఏడాదికి ఇరవై బంతులు పట్టేవాడికీ సగటు ఇరవై ఉండొచ్చు. ఇప్పుడు ఆటగాళ్ల భుజాల కవచాల్లో చిప్‌లు ఉన్నాయి, ప్రతి అడుగు వేగమూ కాపలావాడితో ఎడమూ నమోదవుతాయి. పరుగెత్తిన ఒక్కో రూట్‌కు ఎన్ని గజాలు, బంతి గాల్లో ఎంత దూరం పోయిందన్న లెక్కలు పాతవాటికన్నా చాలా మేలు. ఇంకో ఆదాయం ఉంది, అది రిసీవర్ ఖాతాలో చేరదు. కాపలావాడు కంగారులో రిసీవర్‌ను లాగితే, వృత్తి లీగ్‌లో బంతిని ఫౌల్ జరిగిన చోటే పెడతారు. నలభై గజాల దగ్గర లాగితే నలభై గజాలూ ఉచితం. కాలేజీ ఆటలో అయితే పదిహేను గజాలు మించదు. వృత్తి లీగ్ నిబంధన డీప్ థ్రెట్‌కు కట్టబెట్టిన మాన్యం లాంటిది, అయినా అతని పేరు పక్కన సున్నాయే కనిపిస్తుంది.

అంకెలకు అంతకన్నా కష్టంగా చిక్కేది విసరని బంతి. హిల్ పరుగెత్తితే ఇద్దరు సేఫ్టీలు అతని వెంట వెనక్కి పోతారు, ఆ ఖాళీలో ఇంకొకడు పన్నెండు గజాల దగ్గర తీరిగ్గా బంతి పడతాడు. ఆ క్యాచ్‌లో హిల్ వాటా ఎంత? ఈ వాదాన్ని తోసిపుచ్చేవాళ్లకు మంచి ఆయుధం ఉంది: 2022లో హిల్‌ను మయామికి ఇచ్చేశాక చీఫ్స్ వరసగా రెండు సూపర్ బౌల్‌లు గెలిచింది. నిజమే. కానీ ఆ జట్టు ఆట స్వరూపం మారిపోయింది, లోతు పాస్‌లు తగ్గి చిన్న పాస్‌ల మీద బతికింది. మహోమ్స్ లాంటివాడు ఉంటే అలా బతకొచ్చు. అదే హిల్ 2023లో మయామి తరఫున 1,799 గజాలతో లీగ్‌లో మొదటివాడయ్యాడు. రెండు వైపులా నిజాలే ఉన్నప్పుడు నేను కోచ్‌ల ప్రవర్తనను చూస్తాను. 2021 నుంచి చీఫ్స్ మీద ఆడిన జట్లు ఇద్దరు సేఫ్టీలను లోతుగా నిలబెట్టడం మొదలుపెట్టి, ఆ పద్ధతిని లీగ్ అంతటా వ్యాపింపజేశాయి. అరవైల్లో హేస్ వల్ల జరిగినదానికి ఇది రెండో విడత. ప్రత్యర్థి కోచ్‌లు తమ పదకొండు మందిని ఎక్కడ నిలబెట్టారన్నది ఏ గణాంకవేత్త పట్టికకన్నా నమ్మదగ్గ సాక్ష్యం.

ఆ విడత ప్రభావం ఈ తరం వేగగాళ్ల మీద ఇప్పుడు కనిపిస్తోంది. 2024 కంబైన్‌లో జేవియర్ వర్తీ 4.21 సెకన్లతో జాన్ రాస్ రికార్డును చెరిపేశాడు, హిల్ ఖాళీ చేసిన చీఫ్స్‌లోనే చేరాడు. తొలి సీజన్‌లో 59 క్యాచ్‌లు, 638 గజాలు, క్యాచ్‌కు సగటు పదకొండు గజాలు కూడా లేదు. రాస్ సగటుకూ దీనికీ పెద్ద దూరం లేదని వెక్కిరించేవాళ్లున్నారు. అది తొందరపాటు. వర్తీకి ఎక్కువగా వేసినవి చిన్న పాస్‌లు, ఎందుకంటే ఇద్దరు సేఫ్టీలు ముందే వెనక్కి పోయి నిలబడ్డారు. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో అదే కుర్రాడు 8 క్యాచ్‌లతో 157 గజాలు, రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. అయితే అందులో చాలా భాగం, ఫిలడెల్ఫియా గెలుపు ఖాయమయ్యాక వచ్చింది. కాళ్లు ఉన్నాయని స్టాప్‌వాచీ చెప్పేసింది. బంతి వీపు వెనక నుంచి దిగేటప్పుడు అతని కళ్లూ చేతులూ ఏం చేస్తాయో తెలియాలంటే, ఎవరో ఒక కోచ్ ఒక సేఫ్టీని ముందుకు తెచ్చే సాహసం చేయాలి.